డ్రాఫ్ట్‌కు ముందు లోటు లెక్క: ఫతే మైదాన్ నుంచి ఐఎస్ఎల్ దాకా

ఫుట్‌బాల్ జట్టులో ఎవరున్నారు, ఎవరు లేరు, ఇవాళ ఉన్నా వచ్చే ఏడు ఉండనివారెవరు అని తేల్చుకున్నాకే కొత్త ఆటగాళ్ల కోసం వెతకాలి. ఈ తేల్చుకునే పనినే ఈ వ్యాసంలో లోటు అంచనా అంటున్నాం. లీగ్‌లోని జట్లన్నీ ఒకచోట కూర్చుని, ఒకే జాబితాలోంచి, వంతుల ప్రకారం ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతికి డ్రాఫ్ట్ అని పేరు. వేలంలో ఎక్కువ డబ్బున్నవాడు పాట పెంచి ఆటగాణ్ని తీసుకుపోవచ్చు. డ్రాఫ్ట్‌లో అలా కుదరదు. మన వంతు వచ్చినప్పుడు ఒక్క పేరే చెప్పాలి, చెప్పాక వెనక్కి తీసుకోలేం. అందుకే డ్రాఫ్ట్ జరిగే రోజుకన్నా దానికి ముందు గడిచే నెలలే ముఖ్యం.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది, మన దేశానికి 2014లో వచ్చింది. లోటు కనిపెట్టే విద్య మాత్రం హైదరాబాదుకు అంతకు ఎన్నో ఏళ్ల ముందే తెలుసు. అది నేర్పిన బడి అబిడ్స్‌కూ నాంపల్లికీ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఫతే మైదాన్. అక్కడి ఫుట్‌బాల్‌ను మలిచిన మనిషి వృత్తిరీత్యా బడిపంతులు.

మైదానం, దాని చుట్టుపక్కల

నాంపల్లి రైల్వే స్టేషన్ బయటకొచ్చి ఎడమ చేతి వైపు సాగితే పబ్లిక్ గార్డెన్స్, అసెంబ్లీ వస్తాయి. స్టేషన్ ఎదుటి దారుల్లో తూర్పుగా పోతే అబిడ్స్ చౌరస్తా, జనరల్ పోస్టాఫీసు. అబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీ మీదుగా పైకి వెళ్తే నిజాం కాలేజీ, ఆలియా పాఠశాల, వాటి పక్కనే ఫతే మైదాన్. 1687లో గోల్కొండను గెలిచిన ఔరంగజేబు సేనలు విడిది చేసిన చోటు కనుక దానికి విజయ మైదానమనే అర్థంలో ఆ పేరు వచ్చింది. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఇప్పుడు అందరూ ఎల్బీ స్టేడియం అంటారు.

ఈ కొద్దిపాటి మేరలో ఎన్ని బడులున్నాయో చూడండి. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, ఆల్ సెయింట్స్, లిటిల్ ఫ్లవర్, ఆలియా, ఆపైన నిజాం కాలేజీ. పుస్తకాలు, బూట్లు, బంతులు అమ్మే దుకాణాలు కూడా ఇక్కడే. ఆడే పిల్లలు, ఆడించే మైదానం, ఆట సామాను, ఊరి నలుమూలల నుంచి వచ్చే బస్సులు, రైళ్లు అన్నీ ఒకచోట కూడాయి. పిల్లల ఆట చూసి వాళ్లలో ఏముందో పసిగట్టాలనుకునేవాడికి ఇంతకన్నా అనువైన చోటు హైదరాబాదులో మరొకటి లేదు.

2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ మ్యాచ్‌లు కొన్ని ఈ స్టేడియంలోనే జరిగాయి. వానల వల్ల ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. అక్కడ సునీల్ ఛెత్రి మూడు గోల్స్ కొట్టగా భారత్ 4-1తో తజికిస్తాన్‌పై గెలిచింది.

డ్రాఫ్ట్ ఎలా పుట్టింది

1930లలో అమెరికన్ ఫుట్‌బాల్ అనే వేరే ఆటకున్న లీగ్‌లో గెలిచే జట్లే మళ్లీ మళ్లీ గెలిచేవి. కాలేజీల్లో పేరు తెచ్చుకున్న కుర్రాళ్లు డబ్బూ పేరూ ఉన్న జట్ల వైపే మొగ్గేవారు. అట్టడుగున ఉన్న ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్ దీనికొక మార్గం చెప్పాడు. కిందటేడు చివరన నిలిచిన జట్టుకే మొదటి వంతు ఇవ్వాలన్నాడు. 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్ గదిలో 9 జట్ల వాళ్లు కూర్చున్నారు. నల్లబల్ల మీద 90 పేర్లు రాశారు. మొదటి వంతులో ఈగిల్స్ జే బెర్వాంగర్ పేరు చెప్పింది. జీతం దగ్గర మాట కుదరక ఆయన ఆ లీగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు. ఆటగాణ్ని ఎంచుకోవడం ఒక పని, అతను వస్తాడా రాడా అన్నది తెలుసుకోవడం మరో పని అని డ్రాఫ్ట్ పుట్టిన రోజే తేలిపోయింది.

ఇప్పుడు ఆ లీగ్‌లో 32 జట్లు, డ్రాఫ్ట్‌లో 7 దఫాలు. ఒక్కో జట్టు పట్టీలో 53 మంది. ఏటా డ్రాఫ్ట్ ముందు అక్కడ వచ్చే చర్చ ఒకటే. జట్టులో లోటున్న స్థానానికి మనిషిని తీసుకోవాలా, స్థానంతో పని లేకుండా జాబితాలో మిగిలినవారిలో అందరికన్నా మంచి ఆటగాణ్ని తీసుకోవాలా? లోటు మీదే కన్ను పెట్టినవాళ్లు మామూలు ఆటగాణ్ని మొదటి వంతులోనే తీసుకుని నష్టపోతారు. లోటు పట్టించుకోనివాళ్ల దగ్గర ఒకే స్థానానికి ముగ్గురు మంచి ఆటగాళ్లు పోగవుతారు, ఇంకో స్థానం ఖాళీగా ఉండిపోతుంది. అనుభవమున్న జట్లు పెద్ద లోటులన్నీ డ్రాఫ్ట్ కన్నా ముందే, ఒప్పందాలు ముగిసి బయటకొచ్చిన ఆటగాళ్లతో నింపుకుంటాయి. అప్పుడు డ్రాఫ్ట్ రోజు గాభరా లేకుండా మంచివాణ్ని తీసుకోవచ్చు. ఈ చర్చకు నాకు కనిపించే సరైన జవాబు ఇదే.

ఇందులో మనవాళ్లు తెలుసుకోదగ్గ సంగతి ఒకటుంది. 1960లలో డల్లాస్ కౌబాయ్స్ జట్టు ఎంపికకు కంప్యూటర్‌ను వాడాలనుకుంది. ఆ లెక్క తయారుచేయడంలో భారతదేశం నుంచి వెళ్లిన గణాంక నిపుణుడు సలాం ఖురేషీది ముఖ్య పాత్ర. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఆయనకు అప్పటికి ఏమీ తెలియదు. ఆట తెలిసినవాళ్లకు కంప్యూటర్ తెలియదు. ఇరువైపులవాళ్లూ కూర్చుని ఆటగాడిలో కొలవదగ్గ గుణాలు ఐదు తేల్చారు: నడవడి, చురుకుదనంతో కూడిన శరీర పట్టు, పోటీ తత్వం, బుద్ధి చురుకు, బలం. మంచి ఆటగాడు అనే గుడ్డి మాటను ఐదు ప్రశ్నలుగా విడదీయడమే ఆ పనిలోని గొప్పతనం. ఇప్పుడు డల్లాస్ చుట్టుపక్కల, ముఖ్యంగా ఆ జట్టు ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో, వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. ఏప్రిల్ వస్తే వాళ్ల పిల్లల నోట డ్రాఫ్ట్ మాటే.

లోటు లెక్క వేసే తీరు

మన ఫుట్‌బాల్‌లో ఈ లెక్క కాగితం మీద మొదలవుతుంది. పదకొండు స్థానాలు గీసి, ఒక్కో స్థానం కింద ఇద్దరి పేర్లు రాస్తారు. మొదటి పేరు ఆడేవాడిది, రెండోది అతను ఆడలేనప్పుడు దిగేవాడిది. రెండో పేరు రాయబోతే పెన్ను ఎక్కడ ఆగిపోతుందో అక్కడ లోటు ఉన్నట్టు. ఒకే పేరు మూడు చోట్ల కనిపిస్తే అది ఇంకా పెద్ద లోటు, ఆ ఒక్కడి కాలు బెణికితే మూడు స్థానాలు ఒకేసారి ఖాళీ అవుతాయి.

తర్వాత పేరు పక్కన వయసు, ఒప్పందం ముగిసే ఏడాది, కిందటి సీజన్‌లో నిజంగా ఆడిన నిమిషాలు రాస్తారు. పేరున్న ఆటగాడి పక్కన నిమిషాలు తక్కువగా ఉంటే గాయాల కథ బయటపడుతుంది. ఆపైన గోల్స్ ఎలా తిన్నామో చూడాలి. కార్నర్ల మీద తింటున్నామా? ఎడమ వైపు నుంచి వచ్చే క్రాస్‌ల మీదా? ఆఖరి పావుగంటలోనా? కార్నర్ల మీదైతే ఎత్తుగల బ్యాక్ కావాలి. ఎడమ వైపు నుంచైతే లెఫ్ట్ బ్యాక్ మీద కన్నెయ్యాలి, కానీ అతనికి సాయం రాని వింగర్‌ది తప్పు కావచ్చు. ఆఖర్లో తింటుంటే కొత్తవాడు అక్కర్లేదు, ఉన్నవాళ్లను ఇంకాస్త పరిగెత్తించాలి. స్కోరు ఒకటే చెప్తుంది, దానికి మందులు మూడు. ఏ మందో తెలియకుండా ఆటగాణ్ని కొనడం రోగం తెలియకుండా మాత్ర మింగడమే.

మన దేశపు లీగ్‌లో దీనికి ఇంకో మెలిక ఉంది, విదేశీ ఆటగాళ్ల పరిమితి. 2021-22లో పెట్టిన నియమం ప్రకారం ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) జట్టు ఆరుగురు విదేశీయులను తీసుకోవచ్చు, మైదానంలో ఒకేసారి నలుగురికే చోటు. అంటే ఏడుగురు మనవాళ్లే ఆడాలి. సాధారణంగా జట్లు విదేశీయులను వెన్నెముకలాంటి స్థానాల్లో పెడతాయి: సెంటర్ బ్యాక్, మధ్యలో హాఫ్, సెంటర్ ఫార్వర్డ్. అప్పుడు రెండు వైపుల బ్యాక్‌లు, వింగ్‌లు, గోల్‌కీపర్ మనవాళ్లే కావాలి. మంచి భారతీయ సెంటర్ బ్యాక్ ఒకడు దొరికాడా, విదేశీయుడి చోటు ఒకటి మిగిలి ఇంకో స్థానానికి పనికొస్తుంది. 2017 డ్రాఫ్ట్‌లో కొత్తగా వచ్చిన జంషెడ్‌పూర్ మొదటి వంతులోనే సెంటర్ బ్యాక్ అనస్ ఎడతొడికను తీసుకోవడం వెనుక ఈ లెక్కే కనిపిస్తుంది.

రహీం సాబ్

ముందు చెప్పిన బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి, అక్కడే ఆడి, బడిలో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఏళ్ల తరబడి పనిచేశారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ కప్ నాలుగుసార్లు గెలిచింది. భారత జట్టుకు ఆయన శిక్షకుడిగా ఉండగా 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చాయి. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశారు.

గెలుపుల పట్టిక అందరూ చెప్తారు. లోటును ఆయన ఎలా పసిగట్టేవారన్నది ఈ వ్యాసానికి ముఖ్యం. మన కుర్రాళ్లు బంతిని కాళ్లలోనే పెట్టుకుని తిప్పడం ఎక్కువ, పక్కవాడికి ఇవ్వడం తక్కువ. దీన్ని మాటలతో తిట్టి మాన్పించలేమని ఆయనకు తెలుసు. అందుకే డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పోటీలు పెట్టించారు. బంతి అందగానే ఇచ్చెయ్యాలి. చాలామందికి ఒక్క కాలే పనిచేస్తుంది కనుక బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టించారు. ఆడేవాడికి నేర్పూ వస్తుంది, చూసేవాడికి వాడిలో ఏం తక్కువో బయటపడుతుంది. కుడికాలితో పులిలా కనిపించినవాడు ఎడమ కాలితో బంతిని గజం దూరం కూడా సరిగ్గా పంపలేకపోతే, వాణ్ని లెఫ్ట్ వింగ్‌లో పెట్టకూడదని పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇవాళ వీడియోలు, గణాంకాలు పెట్టుకుని చేసే పనిని ఆయన నియమం మార్చి చేశారు.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాం. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆట అమరికలోనూ రహీం మార్పులు తెచ్చారు. ఫార్వర్డ్‌లలో ఒకణ్ని కాస్త వెనక్కి లాగి ఆడించే హంగరీ పద్ధతినీ, తర్వాత 4-2-4 అమరికనూ మన దేశంలో ముందుగా వాడినవారిలో ఆయన ఒకరు. కొత్త అమరిక అంటే కొత్త స్థానం, కొత్త స్థానం అంటే కొత్త లోటు. వెనక్కి దిగి బంతి అందుకుని పంచే ఫార్వర్డ్ అంతకుముందు ఏ జట్టుకూ అక్కర్లేదు, ఆ తర్వాత అందరికీ కావాల్సి వచ్చింది. లోటు అనేది ఆటగాళ్ల పట్టీలో మాత్రమే ఉండదు, మనం ఆడదలచుకున్న ఆటలో ఉంటుంది. పట్టీ చేతపట్టి ఆట గురించి ఆలోచించని నిర్వాహకులు తడబడేది ఇక్కడే.

ఇక తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ వైపు అమ్ముగూడ కుర్రాడు, పేదింటి పిల్లాడు. అతని ఆట చూసి రహీం శిబిరానికి రమ్మన్నారు. అక్కడి నుంచి రోజూ వచ్చిపోవడానికి తన దగ్గర డబ్బులేదని కుర్రాడు చెప్పాడు. రహీం సైకిల్ అద్దెకు డబ్బిచ్చారు. బలరాం ముసలితనంలో కూడా ఈ సంగతి చెప్పుకునేవారు. అద్దె సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన ఆ కుర్రాడు 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్ ఆడాడు, 1962లో జకార్తా స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన పోయారు. ప్రతిభ కనిపించడం ఒక ఎత్తు, అది మైదానం దాకా రావడానికి అడ్డేమిటో తెలుసుకుని తీర్చడం ఇంకో ఎత్తు. నేటి స్కౌట్ల కాగితాల్లో ఈ గడి ఉండదు. ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

జకార్తాలో రహీం చూపు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో సెంటర్ హాఫ్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అంతటి బ్యాక్ లేకుండా రక్షణ నిలవదు. కుట్లున్న తలతో అతన్ని రక్షణలో నిలబెడితే ప్రతి క్రాస్‌కూ తల పెట్టాలి. రహీం జర్నైల్‌ను ముందుకు, సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. వెనుక అరుణ్ ఘోష్ చూసుకున్నాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచాం, అందులో జర్నైల్ గోల్ ఉంది. 1962 సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1. ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. గోల్ దగ్గర ఎత్తరి పీటర్ తంగరాజ్ నిలిచాడు. ఆయన పుట్టింది హైదరాబాదులోనే. అదే దక్షిణ కొరియా గ్రూపు దశలో మనల్ని 2-0తో ఓడించింది. ఆ రోజుకూ ఫైనల్‌కూ నడుమ బయటి నుంచి కొత్త ఆటగాడెవరూ రాలేదు. ఉన్నవాళ్లనే వేరే చోట్ల నిలబెట్టారు.

హైదరాబాదు ఇతరుల లోటు తీర్చిన కాలం

1956 మెల్‌బోర్న్ బృందంలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం హైదరాబాదు ఆటగాళ్లు. 1956-57లో, 1957-58లో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మళ్లీ గెలిచింది. దేశంలో ఎవరికి ఫార్వర్డ్ కావాలన్నా, హాఫ్ కావాలన్నా ముందు చూసేది ఇటువైపే.

ఆ చూపే మనకు నష్టం తెచ్చింది. కలకత్తా క్లబ్బులకు డబ్బుంది, పెద్ద మైదానాలున్నాయి, ఆటంటే ప్రాణమిచ్చే జనం ఉన్నారు. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ 1966లో అదే దారి పట్టారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో నయీముద్దీన్ నాయకత్వంలో భారత్ కాంస్యం గెలిచింది. హబీబ్ కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకూ ఆడి, 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూశారు. వాళ్లు వెళ్లినందుకు ఎవరినీ తప్పుపట్టలేం, ఆటతో బతకాలంటే అక్కడికే పోవాలి. అయితే వెళ్లినవాళ్ల చోట్లు నింపడానికి కావాల్సిన మరో తరం ఆ జోరులో తయారుకాలేదు. రహీం లేరు, ఆయన పెట్టిన పోటీలు ఆగిపోయాయి. క్రికెట్ పెరిగింది, బడుల మైదానాలు చిన్నవయ్యాయి. అబిడ్స్ బడుల నుంచి ఆ తర్వాత దేశానికి వచ్చిన పెద్ద పేర్లు ఎక్కువగా క్రికెటర్లవే.

భారత డ్రాఫ్ట్: కొద్దికాలపు ప్రయోగం

ఇండియన్ సూపర్ లీగ్ 2014లో ఎనిమిది జట్లతో మొదలైంది. ఆ జులైలో ముంబైలో భారతీయ ఆటగాళ్ల డ్రాఫ్ట్ జరిగింది. గోవా, ఈశాన్య జట్లు పాత క్లబ్బులతో ఒప్పందం చేసుకుని బయట ఉండిపోగా, మిగతా ఆరు జట్లు 14 మంది చొప్పున 84 మందిని ఎంచుకున్నాయి. 2015లో డ్రాఫ్ట్‌తోపాటు పదిమంది పేరున్న ఆటగాళ్లకు వేలం కూడా పెట్టారు. సునీల్ ఛెత్రిని ముంబై సిటీ 1.2 కోట్లకు, యూజెన్‌సన్ లింగ్డోను పుణె సిటీ 1.05 కోట్లకు దక్కించుకున్నాయి. బెంగళూరు, జంషెడ్‌పూర్ చేరాక 2017 జులై 23న పెద్ద డ్రాఫ్ట్ జరిగింది. అదే ఆఖరిది. ఆ తర్వాత జట్లు నేరుగా ఆటగాళ్లతో ఒప్పందాలు చేసుకుంటున్నాయి.

దేశవాళీ డ్రాఫ్ట్ వల్ల మంచీ చెడూ రెండూ జరిగాయి. ఎవరికీ తెలియని ఈశాన్య కుర్రాళ్ల పేర్లు పెద్ద జట్ల చర్చల్లోకి వచ్చాయి. కానీ అమెరికాలో లాగా కాలేజీల నుంచి ఏటా వచ్చే కొత్త నీరు ఇక్కడ లేదు. ఉన్న చెరువునే అందరూ పంచుకున్నారు. కుర్రాళ్లను తయారుచేసే అకాడమీలు లేకుండా వంతులు మాత్రం పెడితే ఆట పెరగదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ: మూడు సీజన్ల పాఠం

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 ఆగస్టులో పుట్టింది. మూతపడిన ఎఫ్‌సీ పుణె సిటీ స్థానంలో లీగ్‌లోకి వచ్చింది. డ్రాఫ్ట్ అప్పటికే పోయింది కనుక, సీజన్‌కు కొద్దివారాల ముందు పుణె నుంచి వచ్చినవాళ్లతోనూ దొరికిన వాళ్లతోనూ జట్టు కట్టాల్సివచ్చింది. లోటు లెక్కవేసే సమయమే లేదు. 18 మ్యాచ్‌లలో 2 గెలుపులు, 12 ఓటములు, తిన్న గోల్స్ 39, అట్టడుగు స్థానం. సీజన్ మధ్యలోనే కోచ్ మారారు.

2020లో స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ వచ్చారు. ముందు రక్షణను సరిచేశారు. సెంటర్ బ్యాక్ ఓడెయ్ ఒనైండియా, మణిపూర్ ఆటగాడు చింగ్లెన్‌సనా సింగ్, ఇండియన్ యారోస్ నుంచి లెఫ్ట్ బ్యాక్ ఆకాశ్ మిశ్రా వచ్చారు. బ్యాక్‌ల ముందు గోడలా నిలబడే హాఫ్ జువావో విక్టర్ చేరాడు. కుడి వైపు ఆశిష్ రాయ్, గోల్ దగ్గర లక్ష్మీకాంత్ కట్టిమణి అంతకుముందు నుంచే ఉన్నారు. అంతకుముందు ఏడాది 39 గోల్స్ తిన్న జట్టు ఈసారి 20 మ్యాచ్‌లలో 19 మాత్రమే తింది. ఆకాశ్ వయసు అప్పటికి ఇరవై కూడా నిండలేదు. ఏ స్థానం ఖాళీగా ఉందో తెలిసినవాళ్లకు పెద్ద పేరు అక్కర్లేదని ఆ సీజన్ చూపింది. ఐదో స్థానంలో నిలిచి కొద్దిలో ప్లేఆఫ్ తప్పింది.

మరుసటి ఏడు లోటు ముందు వరుసలో ఏర్పడింది. వింగ్‌లో మెరిసిన లిస్టన్ కొలాకో ఏటీకే మోహన్ బగాన్‌కు వెళ్లాడు. గోల్స్ కొట్టిన అరిదానే సంతానా కూడా లేడు. అంటే గోల్స్ కొట్టే మనిషి కావాలి. నైజీరియా ఫార్వర్డ్ బార్తొలొమ్యూ ఒగ్బెచే ముంబై నుంచి వచ్చాడు, వయసు మళ్లిన ఆటగాడని కొందరన్నారు. అతను ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ గెలిచాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1గా ముగిసి పెనాల్టీల దాకా వెళ్లింది. కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్ హైదరాబాదుకు వచ్చింది.

ఆ జట్టును కట్టినవాళ్లు రెండేళ్లలో రెండు ప్రశ్నలే అడిగారు: మొదటి ఏడు గోల్స్ ఎందుకు తింటున్నాం, రెండో ఏడు గోల్స్ ఎవరు కొడతారు. ఒకేసారి అన్నీ సరిచేయబోలేదు. ఫతే మైదాన్ ఒరవడికి దగ్గరగా నడిచిన వృత్తి జట్టు ఇదేనని నా నిర్ణయం.

తర్వాతి కథ బాధ కలిగిస్తుంది. 2023-24లో క్లబ్బు ఆర్థిక చిక్కుల్లో పడింది, ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచారు, 8 పాయింట్లు. జీతాలు అందని జట్టులో ఏ స్థానం ఖాళీ అని అడగడంలో అర్థం లేదు. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది.

పక్క ఆట సాక్ష్యం

కబడ్డీలో తెలుగు టైటాన్స్ 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొంది. దేశంలో అతనికి మించిన రైడర్లు తక్కువ. ఆ సీజన్ 22 మ్యాచ్‌లలో టైటాన్స్ గెలిచినవి రెండు, దక్కింది ఆఖరి స్థానం. ఒక్క రైడర్ ఎన్ని పాయింట్లు తెచ్చినా, పట్టుకునే డిఫెండర్లు లేకపోతే తెచ్చినవన్నీ అవతలివాడికి పోతాయి.

ఇప్పుడున్నది

శ్రీనిధి డెక్కన్ క్లబ్బు 2021-22లో ఐ-లీగ్‌లో చేరి, 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. 2015లో పుట్టిన ఫతే హైదరాబాద్ క్లబ్బు రెండో డివిజన్‌లో కొన్నాళ్లు ఆడింది. ఎల్బీ స్టేడియం దగ్గర పొద్దున్నే పిల్లలు బూట్లు కట్టుకుంటూ ఇప్పటికీ కనిపిస్తారు. అబిడ్స్ బడుల పిల్లలు, నాంపల్లి బస్తీల పిల్లలు వాళ్లలో ఉంటారు. వాళ్లలో ఎడమ కాలితో ఆడేవాడెవడో, బస్సు చార్జీ లేక రాలేకపోతున్నవాడెవడో కనిపెట్టి పేరు రాసుకునే మనిషి ఒకరు కావాలి.

రహీం పద్ధతి గురించి మనకు తెలిసినదంతా ఎక్కువగా ఆయన శిష్యులు చెప్పినదే, ఆ శిష్యుల్లో చాలామంది ఇప్పుడు లేరు. సిటీ పోలీస్ జట్టు పట్టీలు, సెలక్షన్ల కాగితాలు, శిబిరాల ఫోటోలు, అసోసియేషన్ ఉత్తరాలు పాత ఆటగాళ్ల ఇళ్లలో, ట్రంకు పెట్టెల్లో ఇంకా ఉండే అవకాశముంది. మీ ఇంట్లో తాతగారో మేనమామగారో ఆ రోజుల్లో ఆడి ఉంటే, ఆ కాగితాలు పారెయ్యకండి. కనీసం ఒక నకలు తీయించి ఏదైనా గ్రంథాలయానికి అప్పగించండి.